చల్లని నీటితో చర్య లేదు

విద్యార్థినుల వసతిగృహం,
మూడో అంతస్తు, చివరి గది.
సోమవారం.

ప్రియమైన పిన్నికి,

ముందు నా మీద మోపిన నేరం చెబుతాను. క్షేమసమాచారాలు దాని నుంచి బయటపడ్డాక రాసుకుందాం. నేరం ఇది: "రసాయనశాస్త్ర ప్రయోగ పరీక్షలో, ఆదర్శ రికార్డుకు విరుద్ధంగా, మెగ్నీషియం చేత చల్లని నీటితో చర్య జరిపించుట." ఈ వాక్యాన్ని మా రసాయనశాస్త్రం పెద్దసారుతో సహా ముగ్గురు పెద్దలు కూర్చుని, కర్త ఎవరో కర్మ ఏదో సరిచూసుకుని మరీ రాశారు. చర్య జరిపినది మెగ్నీషియం, శిక్ష నాకు.

మా ప్రయోగశాలలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో ఒకే ఒక పుస్తకం. ఇరవై నాలుగేళ్ళ కిందట ఎవరో రాసిన ప్రయోగాల రికార్డు అది. పేరున్న చోట "ఉత్తమం" అన్న ముద్రను ఎంత ఉత్సాహంగా గుద్దారంటే, కింద పేరు ఆనవాలు లేదు. అక్షరాలు ముత్యాలు. బొమ్మలోని పరీక్షనాళికను చేత్తో తీసుకోవచ్చనిపిస్తుంది. అప్పటి నుంచి మా దగ్గర ఆనవాయితీ ఏమిటంటే, ప్రయోగం మన చేతులతో చేస్తాం, ఏం జరిగిందో మాత్రం ఆ పుస్తకం చూసి రాస్తాం. రెండూ కలిస్తే పదికి పది. కలవకపోతే తప్పు మనది.

నా వంతుకు మెగ్నీషియం వచ్చింది. రిబ్బన్ ముక్కను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేశాను. బుసబుసా పొంగింది, నాళిక వేడెక్కింది, మూతి దగ్గర వెలిగే పుల్ల పెడితే హైడ్రోజన్ టప్పుమంది. రికార్డు కూడా అదే అంటోంది. మైలుతుత్తం ద్రావణంలో వేశాను. నీలం వెలిసిపోయింది, రిబ్బన్ మీద రాగి ఎర్రగా పేరుకుంది. రికార్డూ నేనూ ఇంకా ఏకాభిప్రాయంలోనే ఉన్నాం. ఆ తరువాత చల్లని నీరు. రిబ్బన్ నల్లగా మాసి ఉంటే ఉప్పుకాగితంతో రుద్ది, మెరిశాక నీటిలో వేసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ కలిపాను. గంట కొట్టారు. అందరూ వెళ్ళిపోయారు. నేను కూర్చున్నాను. రిబ్బన్‌కు ఆవగింజ కన్నా చిన్న బుడగలు పట్టాయి. దాని చుట్టూ నీరు గులాబీ రంగుకు తిరిగింది. క్షారం పుట్టనిదే ఆ చుక్కలకు ఆ రంగు రాదు. చూసింది చూసినట్టు రాశాను.

"చల్లని నీటితో చర్య లేదు" అని ఉంది రికార్డులో.

"నాకు బుడగలు కనబడలేదు" అని సంతకం పెడితే క్షమిస్తారట. పెట్టకపోతే ప్రయోగ పరీక్ష రద్దు, నా సంవత్సరం మొత్తం వృథా. విచారణ సంఘం మూడుసార్లు కూర్చుంటుంది.

నీ దగ్గర గీజర్లలోంచి తీసిన పాత మెగ్నీషియం కడ్డీలు గోనెసంచి నిండా ఉండేవి కదా. తొట్టి ఇనుమును వదిలి నీళ్ళు ముందుగా తననే తినేందుకు పెట్టే కడ్డీలు. బొటనవేలంత లావున లోపలికి వెళ్ళి, చీపురుపుల్లల్లా బయటికి వచ్చేవి. నాలుగు పంపు. నీటికీ మెగ్నీషియంకూ పరిచయమే లేదంటున్న పెద్దల బల్ల మీద వరుసగా పేరుస్తాను.

నీ అక్క కూతురు.


గీజర్ల రిపేరు షాపు.
గురువారం.

లాయరమ్మా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. మళ్ళీ చదివి నవ్వడం మానేశాను.

సంతకం పెట్టెయ్యవే. బుడగలు కనబడలేదంటే బుడగలకేమైనా పౌరుషమొస్తుందా? పోయేది నీ ఏడాది. పెద్దసారు పెద్దాయన, ఆయన మాట ఆయనకి ఉండనీ. నువ్వు బయటికొచ్చాక ఎంత గులాబీ రంగు కావాలంటే అంత చేసుకో, ఎవడొద్దన్నాడు?

కడ్డీలు లేవు. పాత సామాన్ల వాడికి వేసేశాను.

షాపు బానే నడుస్తోంది. నిన్న ఒకాయన వచ్చి "మా గీజరు నాకు వేడినీళ్ళిస్తుంది, మా ఆవిడకి చన్నీళ్ళిస్తుంది, దీనికి మనుషుల్ని గుర్తుపట్టే జబ్బుందా" అని అడిగాడు. వెళ్ళి చూస్తే ఏముంది, ముందు ఈయన దూరి తొట్టి ఖాళీ చేసి వస్తున్నాడు. చెప్తే ఒప్పుకోడే. మిషన్‌దే తప్పంటాడు. అలాంటోళ్ళతో వాదించి ఏం లాభం చెప్పు. నేను ఏదో మర తిప్పినట్టు చేసి వచ్చేశా.

వేళకి తిను.

పిన్ని.


వసతిగృహం.
మంగళవారం.

పిన్నీ,

మొదటి విచారణ ముగిసింది. వాదంలో నేను ఓడిపోలేదు, ఎందుకంటే వాదం జరగలేదు.

సంఘంలో ముగ్గురు: రసాయనశాస్త్రం పెద్దసారు, గ్రంథాలయాధికారి, ఆటల మాస్టారు. ఆటల మాస్టారు మెడలో ఈల, చేతిలో స్టాప్‌వాచితో వచ్చారు. ముందుగా రిబ్బన్‌ను ఆమ్లంలో వేయించారు. అది కరుగుతుంటే పెద్దసారి కళ్ళు చెమర్చాయి. "చూడమ్మా, ఎంత క్రమశిక్షణగా కరుగుతోందో" అన్నారు. మైలుతుత్తంలోనూ అది రికార్డు మాట జవదాటలేదు. అప్పుడు నా వైపు తిరిగారు.

"నీళ్ళలో వేసేముందు నువ్వు దాన్ని రుద్దావా?"

"రుద్దాను సార్. పైన ఆక్సైడ్ పొర ఉంటుంది. అది తీయకపోతే లోహానికి నీరు తగలదు."

"రికార్డులో రుద్దమని ఉందా?"

"లేదు సార్."

"అంటే, దాని మానాన అది ఉంటే, నువ్వు వెళ్ళి రెచ్చగొట్టావు."

గ్రంథాలయాధికారి గారు తల పంకించారు. "ఒకవేళ నిజంగానే చర్య జరిగిందనుకుందాం. దాన్ని ఏ అరలో పెట్టాలి? నీటితో చర్య అనే అర మా దగ్గర లేదే."

రుద్దని నల్ల రిబ్బన్ ఒకటి తెచ్చి నీటిలో వేశారు. ఆటల మాస్టారు ఐదు నిమిషాలు చూసి ఈల వేశారు. అలవాటు కొద్దీ "అవుట్" అని కూడా అన్నారు. మెగ్నీషియం నీటితో చర్య జరపదన్న ప్రతిపాదన మూడు సున్నాతో నెగ్గింది. ప్రకృతి నియమాన్ని ఓటుకు పెట్టే అధికారం ఈ సంఘానికి ఎవరిచ్చారని అడిగాను. "సమయం అయిపోయింది" అన్నారు.

కానీ పిన్నీ, నన్ను కలవరపెడుతున్నది వారి మాట కాదు, నీ మాట. అర అంగుళం పైపు తేడా వస్తే కంపెనీవాళ్ళను గంటసేపు నిలబెట్టి కడిగేసే మనిషివి నువ్వు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు విప్పిన తొట్టిలోకి టార్చి పట్టించి, "చూడు, నీళ్ళకి పళ్ళుంటాయి" అని చెప్పింది నువ్వే. ఇప్పుడు నా కళ్ళను నేనే కాదనమంటావా? ఇదేం సలహా? ఎవరికి భయపడి ఇస్తున్నావు?

నీ అక్క కూతురు.


షాపు.
శుక్రవారం.

లాయరమ్మా,

నాకెవరి భయం? నీ నోటికే భయం.

సరే, వాదించే తీరుతానంటే ఒక పని చెయ్యి. ఐదు నిమిషాలకే ఈల ఊదేవాడి ముందు ఉత్త నీళ్ళు పెడితే ఏం లాభం? రుద్దిన రిబ్బన్ వేసి, నీళ్ళలో చిటికెడు ఉప్పు వెయ్యి. ఉప్పునీళ్ళ ఇళ్ళలో కడ్డీ ఏడాది తిరక్కుండా అయిపోతుంది, మంచినీళ్ళయితే నాలుగైదేళ్ళు లాగుతుంది. ఉత్త నీళ్ళలో రిబ్బన్ మీద తెల్లటి పొర కట్టి పని నెమ్మదిస్తుంది, ఉప్పు దాన్ని నిలవనివ్వదు. నవాసాగరం, అదే మీ అమ్మోనియం క్లోరైడైతే ఆ పొరని కరిగించేస్తుంది, కాకపోతే అమ్మోనియా కంపుకి మీ ముగ్గురు పెద్దలూ ముక్కులు మూసుకోవాలి. నీళ్ళు వేడి చేసినా పని తొందరగా అవుతుంది.

ఇన్ని చెప్తున్నా గానీ, ఒక్కటి విను. నీ కోపం ఆ సంఘం మీద చూపించు. ఆ పదిహేడో పేజీ రాసిన పిల్లని మాత్రం అందరి ముందూ దొంగని చెయ్యకు. అప్పటికి దానికి పద్దెనిమిదేళ్ళు. బొమ్మ గియ్యడానికే గంట మొత్తం అయిపోయుంటుంది.

పిన్ని.


వసతిగృహం.
సోమవారం.

గౌరవనీయులైన మెకానిక్ గారికి,

తమ లేఖ అందినది. ఉప్పు గురించిన సూచనకు కృతజ్ఞతలు. సంఘం దానిని "మేము అడిగినది నీళ్ళు, ఉప్పునీళ్ళు కాదు" అని తోసిపుచ్చగలదు గనుక వినియోగించుట లేదు.

తమకు నేను పేజీ సంఖ్య ఎన్నడూ రాయలేదు. రాసినవారు ఆడపిల్ల అనీ రాయలేదు, ఆ సంగతి నాకే తెలియదు. ఇక బొమ్మకు ఎంత సమయం పట్టినదో ఆ బీరువాకు కూడా తెలియదు. ఇవన్నీ తమకెట్లు తెలిసినవో తిరుగుటపాలో వివరించగోరుచున్నాను.

ఇట్లు,
తమ అక్కగారి కుమార్తె.


షాపు, వెనక గది.
బుధవారం.

ఒసే,

ముందు ఆ "తమరు" తీసెయ్యి. 

అవును. అది నా రికార్డే.

ఆ కాలేజీలో ఏడాదిన్నర చదివానని మీ అమ్మకి తెలుసు. ఎందుకు మానేశానో తెలీదు. చెప్తాను. ఆ రోజు నాకిచ్చిన రిబ్బన్ నల్లగా ఉంది. రుద్దాలని నాకు తెలీదు. నీళ్ళలో పడేసి బొమ్మ మొదలెట్టా. నాళిక అంచు గుండ్రంగా రావట్లేదని మూడుసార్లు చెరిపా. గంట కొట్టాక తలెత్తి చూస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఒకటో రెండో బుడగలున్నా నాకు కనబడేవి కావులే, నా కళ్ళు పెన్సిల్ మొన మీదే ఉన్నాయిగా. చర్య లేదు అని రాసేశా. మీ పెద్దసారికి అప్పుడు ఉద్యోగంలో మొదటి ఏడు. బొమ్మ చూసి "రికార్డంటే ఇదమ్మా" అని పదికి పది వేశాడు. నా బతుకులో నాకెవరైనా పదికి పది వేశారంటే అదొక్కసారే.

రెండో ఏడు మధ్యలో పెట్టిన పరీక్షకి బయటి నుంచి ఒకాయన వచ్చి "రాసింది చాలు, చేసి చూపించు" అన్నాడు. నాకు గియ్యడమే వచ్చు. ఏదీ చెయ్యలేకపోయా. మర్నాటి నుంచి వెళ్ళలేదు. షాపులో చేరాక మొదట విప్పిన గీజర్లో కడ్డీ పుల్లయిపోయి ఉంది. "దీన్నెవరు కొరికేశారు" అంటే మా మేస్త్రీ "ఎవరేంటి, నీళ్ళే" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నా పదిహేడో పేజీ.

ఇంకా ఉంది. ఆరేళ్ళ కిందట మీ హాస్టల్ గీజర్ పాడైతే నన్నే పిలిచారు. పని అయ్యాక ల్యాబులో కుళాయి కారుతోంది, అదీ చూడమన్నారు. వెళితే బీరువాలో నా పుస్తకం, పదిహేడో పేజీ తెరిచి ఉంది. ఆ అద్దంలో నేను కనబడుతున్నా, చేతిలో పానా, భుజాన సంచి. సంచిలో మీ కాలేజీ నీళ్ళు తినేసిన కడ్డీ. "అయ్యా, ఇది తప్పు" అని చెప్పాలి కదా? చెప్పలేదు. చూసి మురిసిపోయా. కుళాయి బిగించి వచ్చేశా. ఆ కడ్డీ నా దగ్గరే ఉంది. నీతో అబద్ధమాడాను.

నీకిది చిన్న సంగతిగా ఉండొచ్చు గానీ, రోజూ "ఏయ్ గీజరమ్మా" అని పిలిపించుకునేదానికి, ఎక్కడో ఒక బీరువాలో తన రాత ఉత్తమం అని ఉందంటే, అది తలుచుకుని పడుకోవచ్చు. అది పోతే నాకేం మిగులుతుందే? అందుకే సంతకం పెట్టమన్నా. నీ ఏడాది పోయినా నా పేజీ ఉండాలనుకున్నా. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

పిన్ని.


వసతిగృహం.
శనివారం.

పిన్నీ,

నీ లేఖకు జవాబు మూడుసార్లు రాసి చించేశాను. వాటిలో వాదం బాగుంది, మనిషే లేదు.

రెండో విచారణ నిన్న జరిగింది. నాకు కంటిదోషం ఉండి ఉంటుందని, అది తేలితే నేరం వైద్యశాఖకు బదిలీ అవుతుందని, సంఘమే నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన అన్ని వరుసలూ చదివించి, "ఇంత మంచి చూపు ఈ మధ్య చూడలేదు" అని రాసిచ్చాడు. ఆ కాగితం చదివి ముగ్గురూ నాకేదో ప్రాణాంతకం బయటపడినట్టు దిగులుపడ్డారు. "పోనీ, కళ్ళు బాగున్నంత మాత్రాన చూడాలనేముంది" అన్నారు గ్రంథాలయాధికారి గారు. ఆయన ఓదార్పుగానే అన్నారు.

చివరి విచారణ వచ్చే శుక్రవారం, సభామందిరంలో, విద్యార్థులందరి ముందు. మధ్యాహ్నం రెండున్నరకు. అక్కడ సంతకమైనా పెట్టాలి, సంవత్సరమైనా వదులుకోవాలి.

నీ పేరు ముద్ర కిందే ఉండనీ. నేను బయటపెట్టను. నాకు తెలిసినంతలో వాదిస్తాను, ఓడితే అమ్మకు నేనే చెప్పుకుంటాను. కానీ నీ మీద ప్రేమ వల్ల ఒక మాట మింగేస్తే, నాకూ ఆ బీరువాకూ తేడా ఉండదు. ఇరవై నాలుగేళ్ళలో నా ముందు ఎందరో ఆ బల్ల దగ్గర నిలబడ్డారు. వారిలో కొందరైనా రిబ్బన్ రుద్ది ఉంటారు. బుడగలు చూసి ఉంటారు. చూసి, తల తిప్పి, "లేదు" అని రాసి, పదికి పది తెచ్చుకుని, ఆ రోజు నుంచి తమ కళ్ళను తామే నమ్మడం మానేసి ఉంటారు. వారికి ఆ విద్య నేర్పింది నీ అందమైన చేతిరాత. నువ్వు చేసిన తప్పు ఒక గంటది. ఆ రోజు కుళాయి బిగించి వచ్చేశావే, అది ఆరేళ్ళది.

కోపంగానే రాశాను. అయినా నీళ్ళకు పళ్ళుంటాయని నాకు చెప్పినది నువ్వు తప్ప మరెవరూ కాదు. అది కూడా కోపంగానే రాస్తున్నాను.

నీ అక్క కూతురు.


షాపు.
మంగళవారం.

లాయరమ్మా,

బాగా తిట్టావు. మీ అమ్మ కూడా ఇంత శుభ్రంగా తిట్టలేదు.

శుక్రవారం షాపు మూసేస్తున్నా. తలుపుకి తగిలించడానికి "పరీక్షకు వెళ్ళాను" అని అట్ట మీద రాసి పెట్టుకున్నా. పక్క షాపాయన చూసి "ఎవరిది, మీ పిల్లదా" అన్నాడు. "కాదు, నాదే" అన్నా. "ఈ వయసులోనా" అన్నాడు. "మీ గీజరు కడ్డీ మార్పించుకుని ఎన్నేళ్ళయింది" అని అడిగా. లోపలికెళ్ళి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు.

నేను వేదికెక్కను. మైకు చూస్తే నాకు నోరు పెగలదు. మూడో వరుసలో కూర్చుంటా. వాళ్ళని ఏం అడగాలో వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టా. నీ భాషలో దిద్దుకో, అర్థం మాత్రం మార్చకు. రాసింది నేనేనని చెప్పు.

పిన్ని.


సభామందిరం, వేదిక.
శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నర.

విచారణ సంఘం పెద్దలకు, తోటి విద్యార్థులకు,

నా జవాబును లేఖగా రాసి చదువుతున్నాను, మధ్యలో నోటితో అన్నవి కూడా ఇందులోనే చేరుస్తాను, రేపు ఎవరూ దీనిని మరో విధంగా రికార్డు చేయకుండా.

మెగ్నీషియం ఆమ్లంలో కరుగుతుందని మీరు ఒప్పుకుంటారు, ఎందుకంటే అది మీరు చూస్తుండగానే కరుగుతుంది. మైలుతుత్తం నుంచి రాగిని బయటికి నెడుతుందని ఒప్పుకుంటారు, ఎందుకంటే అది కూడా తొందరగానే జరుగుతుంది. నీటితో మాత్రం అది నిదానంగా పనిచేస్తుంది. దాని నేరం అంతే. మీ ఐదు నిమిషాల్లో పూర్తికానిది ఏదీ లోకంలో జరగదని మీరు తీర్మానించారు. చెట్లు పెరగడం గురించి ఈ సంఘం అభిప్రాయమేమిటో అడగడానికి నాకు భయంగా ఉంది.

రిబ్బన్‌ను రుద్దడం రెచ్చగొట్టడమని అన్నారు. దాని మీదున్న మాసిన పొర మెగ్నీషియం కాదు. నీరు ఆ పొరతో మాట్లాడి వెనక్కి వస్తే, మెగ్నీషియం పలకలేదని రాయడం న్యాయమా?

ఇక ఆదర్శ రికార్డు సంగతి. దానిని రాసినవారు మూడో వరుసలో, గోధుమరంగు సంచితో కూర్చుని ఉన్నారు. ఆవిడ మా పిన్ని. గీజర్లు బాగుచేస్తారు. ఈ కాలేజీ వసతిగృహంలో ఈ కాలేజీ నీరే తినేసిన మెగ్నీషియం కడ్డీ ఆవిడ సంచిలో ఉంది, కావలసినవారు చేత్తో పట్టుకుని చూడవచ్చు. పేరు ముద్ర కింద ఉంది. ముద్ర తొలగించనవసరం లేదు, మనిషే వచ్చారు. పెద్దసారూ, మీరు లేచి నిలబడ్డారు. గుర్తుపట్టారనుకుంటాను. దయచేసి కూర్చోండి, ఆవిడ మిమ్మల్ని నిందించడానికి రాలేదు. ఆవిడ పంపిన మాటలు ఇవి, నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు:

"సార్, నా పదిలోంచి ఈ ప్రయోగం మార్కులు తీసెయ్యండి. నేను చూడకుండా రాశాను. బొమ్మకిచ్చిన మార్కులు ఉంచండి, బొమ్మ మాత్రం బాగా గీశాను. నాకు ఒక బల్ల, ఒక నాళిక, ఉప్పుకాగితం ముక్క ఇవ్వండి. ఇప్పుడు చేసి చూపిస్తాను."

సంఘం వారికి నా అభ్యర్థన ఏమీ లేదు. నా సంవత్సరాన్ని మీరు ఉంచినా తీసినా, తీర్పు ఈ ప్రయోగం ముగిశాకే చెప్పండి. నా అభ్యర్థన ఈ సభకు. ఆవిడ వేదిక కింద బల్ల దగ్గరికి వస్తున్నారు, దారి ఇవ్వండి. ఈ మందిరంలో నాలుగు వందల మంది ఉన్నారు. ప్రతి ఒక్కరూ ఒక తెల్లకాగితం తీసుకోండి. పక్కవారి కాగితం చూడకండి. నా వైపు కూడా చూడకండి, నేను చెప్పినంత మాత్రాన అది నిజం కాదు. అర్ధగంట పట్టినా, గంట పట్టినా కదలకండి. వెనక వరుసలవారు ముందుకు వచ్చి బల్ల చుట్టూ నిలబడండి. నీటిలో మీకు ఏం కనబడితే అది రాసి, కింద మీ పేరు పెట్టండి. ఏమీ కనబడకపోతే, కనబడలేదనే రాయండి. ఆ కాగితం పక్షాన కూడా ఇదే వేదిక మీద నేనే వాదిస్తాను.

ఆవిడ రిబ్బన్ రుద్దడం అయిపోయింది. పెన్నులు తీయండి.